రగ్బీ లీగ్ కెరీర్ ఎలా నడుస్తుంది? జొనాథన్ థర్‌స్టన్ 17 సీజన్ల లెక్క

క్లుప్తంగా: రగ్బీ లీగ్, రగ్బీ యూనియన్ రెండు వేర్వేరు ఆటలు. ఆస్ట్రేలియాలో లీగ్ ఆటగాడి కెరీర్‌ను అతని ప్రతిభతో పాటు మూడు విషయాలు నడిపిస్తాయి: డ్రాఫ్ట్ (లీగే ఆటగాళ్లను క్లబ్బులకు పంచే పద్ధతి) లేకపోవడం, జీతాల మీద పరిమితి, రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్. 2002 నుంచి 2018 దాకా ఆడిన జొనాథన్ థర్‌స్టన్ ప్రయాణంలో ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తాయి. ఈ ఆట శరీరం నుంచి, ముఖ్యంగా మెదడు నుంచి వసూలు చేసే మూల్యం కూడా అక్కడే కనిపిస్తుంది.

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు హైదరాబాద్ హీరోస్ పేరుతో ఒక జట్టు బరిలోకి దిగింది. అదే ఏడాది అక్టోబరులో ఆస్ట్రేలియా నుంచి ఇంకో వార్త వచ్చింది. ఆర్360 అనే కొత్త రగ్బీ పోటీలో చేరే ఆటగాళ్లను 10 ఏళ్లు నిషేధిస్తామని అక్కడి నేషనల్ రగ్బీ లీగ్, అంటే ఎన్‌ఆర్‌ఎల్, ప్రకటించింది. రగ్బీ ఆడటానికి వెళ్తే రగ్బీ వాళ్లే నిషేధించడమేంటన్న అనుమానం రావడం సహజం. ముంబైలో జరిగింది ఏడుగురేసి ఆడే సెవెన్స్. అది రగ్బీ యూనియన్ కుటుంబంలోది. ఆర్360 కూడా యూనియన్ పోటీగానే ప్రతిపాదన దశలో ఉంది. ఎన్‌ఆర్‌ఎల్ మాత్రం 130 ఏళ్ల కిందట ఆ కుటుంబం నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టిన రగ్బీ లీగ్‌కు చెందింది.

సిడ్నీలో పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ తేడా బాగానే తెలుసు. వాళ్ల పిల్లలు బడిలో మాట్లాడుకునేది లీగ్ గురించే. ఇక్కడి పాఠకులకు మాత్రం లీగ్ ఆటగాడి జీవితం ఎలా మొదలై ఎలా ముగుస్తుందో కాస్త విడమర్చి చెప్పాలి. అందుకు థర్‌స్టన్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

## శనివారం జీతం దగ్గర మొదలైన చీలిక

1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో, జార్జ్ హోటల్‌లో యార్క్‌షైర్, లాంకషైర్ క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ నుంచి విడిపోయారు. గొడవ డబ్బు గురించే. ఆ క్లబ్బుల ఆటగాళ్లలో ఎక్కువమంది బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. శనివారం మ్యాచ్ ఆడాలంటే ఆ రోజు కూలి పోయేది. పోయిన కూలి మేరకు పరిహారం ఇస్తామని క్లబ్బులు అడిగాయి. ఆటకు డబ్బు ముట్టుకోవడమే తప్పని యూనియన్ పెద్దలు పట్టుబట్టారు. చదువుకున్న, ఆస్తిపాస్తులున్న కుటుంబాలకు అది పాటించగలిగిన నియమమే. గని కార్మికుడికి కాదు.

విడిపోయిన తర్వాత ప్రేక్షకులు టికెట్ కొంటేనే క్లబ్బు నడుస్తుంది కాబట్టి ఆటను వేగంగా మార్చుకున్నారు. 1906లో జట్టును 15 మంది నుంచి 13కు తగ్గించారు. పట్టుబడిన ఆటగాడు లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి, ఆట కొనసాగించే పద్ధతి వచ్చింది. రెండేళ్లకే, అంటే 1908లో, సిడ్నీలో క్లబ్బుల పోటీ మొదలైంది.

కెరీర్ల మీద ఈ చీలిక ప్రభావం వందేళ్లు ఉంది. లీగ్‌లో డబ్బు తీసుకుని ఆడినవాణ్ణి యూనియన్ మళ్లీ గడప తొక్కనిచ్చేది కాదు. 1995లో యూనియన్ కూడా ప్రొఫెషనల్ ఆటగా మారాకే ఆ తలుపు రెండు వైపులా తెరుచుకుంది. ఇప్పుడు ఆర్360 మీద విధించిన నిషేధం ఆ పాత తలుపును ఈసారి లీగ్ వైపు నుంచి మూసే ప్రయత్నంలా కనిపిస్తుంది.

## ఆరు టాకిళ్ల మధ్య ఒక హాఫ్‌బ్యాక్

బంతి చేతిలో ఉన్నవాణ్ణి పట్టి కింద పడేయడాన్ని టాకిల్ అంటారు. కబడ్డీలో రైడర్‌ను పట్టినట్టే ముగ్గురు నలుగురు కలిసి పట్టుకుంటారు. కాకపోతే ఇక్కడ పట్టుబడినవాడు ఔట్ కాడు, లేచి ఆడతాడు. ఒక జట్టుకు వరుసగా ఆరు టాకిళ్లు దొరుకుతాయి. ఆరోదానితో బంతి అవతలి జట్టు చేతికి వెళ్లిపోతుంది. అందుకే ఐదో టాకిల్ అయ్యాక ఎక్కువ జట్లు బంతిని కాలితో తన్నుతాయి. ఎదుటి గీత అవతల బంతిని నేలకు తాకిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత గోల్‌కు తన్నే కన్వర్షన్‌కు 2. ఆట నడుస్తుండగా బంతిని నేల మీద పడేసి, పైకి లేస్తుండగా తన్ని గోల్‌లోంచి పంపే ఫీల్డ్ గోల్‌కు సాధారణంగా 1.

ఈ లెక్క ఎంత కీలకమో 2013 సెప్టెంబరులో తేలింది. సీజన్ చివర పై జట్ల మధ్య టైటిల్ కోసం జరిగే ఫైనల్స్ మొదటి వారంలో క్రొనల్లా జట్టు 20-18తో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌ను ఓడించింది. క్రొనల్లా చేసిన ట్రైలలో ఒకటి ఏడో టాకిల్ మీద వచ్చింది. రిఫరీలు లెక్క తప్పారు. తేడా రెండు పాయింట్లే. ఓడిన జట్టు కెప్టెన్లలో ఒకడు థర్‌స్టన్.

ఆరు అవకాశాలను ఎలా ఖర్చు పెట్టాలి, ఎప్పుడు తన్నాలి, ఎవరికి బంతి అందించాలి అన్నవి ఎక్కువగా హాఫ్‌బ్యాక్, ఫైవ్-ఎయిత్ అనే ఇద్దరు ఆటగాళ్లే నిర్ణయిస్తారు. వాళ్లను కలిపి హాఫ్స్ అంటారు. థర్‌స్టన్ కౌబాయ్స్‌కు 7వ నంబర్ జెర్సీలో హాఫ్‌బ్యాక్. క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి మొదట అదే స్థానంలో ఆడి, 2011లో డారెన్ లాక్యర్ రిటైరయ్యాక 6వ నంబర్‌కు, అంటే ఫైవ్-ఎయిత్‌కు మారాడు. ముందు వరుసలో ఆడే ఫార్వర్డ్‌లు మ్యాచ్ పొడవునా గుద్దుకుంటూ, టాకిళ్లు చేస్తూనే ఉంటారు. వాళ్ల శరీరాలు త్వరగా అరుగుతాయి. హాఫ్‌లకు దెబ్బలు తక్కువేమీ కాదు, కానీ వాళ్లకు వయసుతో పాటు చూపు పదునెక్కుతుంది. కాళ్ల వేగం తగ్గినా ఆట చదివే తెలివి కెరీర్‌ను మరో మూడు నాలుగేళ్లు లాగుతుంది. 30 దాటాక థర్‌స్టన్ ఆడిన ఆట ఇందుకు రుజువు.

## డ్రాఫ్ట్ లేకపోవడం వల్ల వచ్చిన దారి

థర్‌స్టన్ 1983 ఏప్రిల్ 25న బ్రిస్బేన్‌లో పుట్టాడు. తల్లి ఆస్ట్రేలియా ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చారు, తండ్రిది న్యూజిలాండ్. స్కూల్లో బాగా ఆడినా సన్నగా ఉన్నాడని, ఈ ఆటకు చాలడని క్లబ్బులు ఒకటి తర్వాత ఒకటి పక్కన పెట్టాయి. చివరికి సిడ్నీలోని కాంటర్‌బరీ బుల్‌డాగ్స్ చెప్పుకోదగ్గ డబ్బేమీ లేని ఒప్పందంతో తీసుకుంది.

ఇలాంటి కుర్రాడు అమెరికా ఫుట్‌బాల్ పద్ధతిలో అయితే డ్రాఫ్ట్ జాబితాలోనే రాలిపోయేవాడు, లేదా ఏ జట్టు ఎంచుకుంటే అక్కడికే వెళ్లాల్సి వచ్చేది. సిడ్నీ లీగ్ కూడా ఆటగాళ్లను క్లబ్బులకు పంచే డ్రాఫ్ట్‌ను 1991లో తెచ్చింది. ఆటగాళ్లు కోర్టుకు వెళ్లారు. పని చేసే చోటును ఎంచుకునే హక్కును అది అన్యాయంగా అడ్డుకుంటోందని ఫెడరల్ కోర్టు అదే ఏడాది కొట్టేసింది. అప్పటి నుంచి ఆటగాడు ఏ క్లబ్బుతోనైనా నేరుగా బేరం చేసుకోవచ్చు. ఐపీఎల్ వేలానికీ దీనికీ పెద్ద తేడా ఇక్కడే ఉంది. వేలంలో ఆటగాడి పేరు పలికాక ఎవరు పాడితే వాళ్లకే వెళ్లాలి. ఎన్‌ఆర్‌ఎల్‌లో ఒప్పందం చివరి ఏడాదికి ముందు నవంబరు 1 నుంచే వేరే క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు. అందుకే వచ్చే ఏడాది తాను ప్రత్యర్థి జట్టులో ఉంటానని ప్రకటించిన ఆటగాడు ఈ సీజన్ మొత్తం పాత జట్టు కోసమే చెమటోడ్చడం అక్కడ మామూలు దృశ్యం. అభిమానులకు అది మింగుడు పడదు. ఆటగాడికి మాత్రం ఉన్న ఏకైక బేరం శక్తి అదే.

## శాలరీ క్యాప్: ఆటగాళ్లను కదిలించే చెయ్యి

బేరానికి స్వేచ్ఛ ఉంది, డబ్బుకు మాత్రం గిరి గీశారు. 1990లో మొదలైన శాలరీ క్యాప్ ప్రకారం ఒక క్లబ్బు తన జట్టు మొత్తానికి ఇంతకు మించి జీతాలు ఇవ్వకూడదు. 2023 నుంచి ఆ మొత్తం 1.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. అందులో సుమారు 30 మంది ప్రధాన ఆటగాళ్ల జీతాలు సర్దాలి. ఇద్దరు ముగ్గురు స్టార్లు పెద్ద వాటా తీసుకుంటే మిగతావాళ్లకు మిగిలేది తక్కువ. అంటే గెలిచే జట్టు తన గెలుపుకే శిక్ష అనుభవిస్తుంది. గెలుపుతో ఆటగాళ్ల ధర పెరుగుతుంది, అందరినీ ఉంచుకోవడానికి చోటు చాలదు, కొందరు కింది జట్లకు వెళ్లక తప్పదు.

థర్‌స్టన్ ఎన్‌ఆర్‌ఎల్‌లో అడుగుపెట్టిన 2002లోనే ఈ నిబంధన ఎంత పదునైనదో అతని సొంత క్లబ్బు చవిచూసింది. బుల్‌డాగ్స్ వరుసగా 17 మ్యాచ్‌లు గెలిచి పట్టికలో పైన ఉంది. ఆగస్టులో క్యాప్‌ను దాటి రహస్యంగా జీతాలిచ్చిన సంగతి బయటపడింది. 37 పాయింట్లు కోసేశారు, 5 లక్షల డాలర్ల జరిమానా వేశారు. టైటిల్ ఖాయమనుకున్న జట్టు అట్టడుగున సీజన్ ముగించింది. ఎనిమిదేళ్ల తర్వాత మెల్‌బోర్న్ స్టార్మ్‌కు ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. 2007, 2009 టైటిళ్లు రద్దయ్యాయి. 2010లో ఆ జట్టు పాయింట్లు లేకుండానే మ్యాచ్‌లన్నీ ఆడింది. క్యాప్ లోపలికి రావడానికి కొందరిని వదులుకుంది. అలా వెళ్లిన గ్రెగ్ ఇంగ్లిస్ సౌత్ సిడ్నీలో చేరి, 2014లో ఆ క్లబ్బుకు 43 ఏళ్ల తర్వాత టైటిల్ తెచ్చిన జట్టులో ఉన్నాడు.

ఒక క్లబ్బులో మిగిలిన ప్రతిభ ఇంకో ఊరి అదృష్టం అవుతుందన్న మాట. థర్‌స్టన్ కథ కూడా ఇంతే. 2004లో బుల్‌డాగ్స్ 16-13తో సిడ్నీ రూస్టర్స్‌ను ఓడించి టైటిల్ గెలిచినప్పుడు అతను బెంచ్ ఆటగాడు. గాయంతో ఫైనల్‌కు దూరమైన కెప్టెన్ స్టీవ్ ప్రైస్‌కు తన విజేత ఉంగరాన్ని ఇచ్చేశాడు. ఆ జట్టులో హాఫ్స్ స్థానాలు అప్పటికే నిండి ఉన్నాయి. అక్కడే ఉంటే 21 ఏళ్ల కుర్రాడికి ఎన్నాళ్లు ఎదురుచూడాల్సి వచ్చేదో ఊహించడం కష్టం.

2005లో అతను చేరిన కౌబాయ్స్ ఉన్నది బ్రిస్బేన్‌కు 1,300 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న టౌన్స్‌విల్‌లో. 1995లో పుట్టిన ఆ క్లబ్బు మొదటి ఆరేళ్లలో మూడుసార్లు అట్టడుగున నిలిచింది. వెళ్లిన మొదటి ఏడాదే మూడు జరిగాయి: థర్‌స్టన్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎం పతకం గెలిచాడు, క్వీన్స్‌లాండ్ జట్టులోకి వచ్చాడు, కౌబాయ్స్ తొలిసారి గ్రాండ్ ఫైనల్ ఆడింది. అందులో వెస్ట్స్ టైగర్స్ చేతిలో 30-16తో ఓడిపోయింది. టైగర్స్‌కు అదే మొదటి టైటిల్. లీగ్ రెండు పోటీలుగా చీలిన 1997ను పక్కన పెడితే, 1993 తర్వాత 2019 దాకా ఏ జట్టూ వరుసగా రెండేళ్లు టైటిల్ గెలవలేదంటే శాలరీ క్యాప్ తన పని చేసినట్టే.

దీనికి బలమైన మినహాయింపు పెన్రిత్ పాంథర్స్. 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు టైటిళ్లు. ఆ క్లబ్బు ఏటా పెద్ద ఆటగాళ్లను వదులుకుంటూనే ఉంది. ఖాళీ అయిన చోటును పశ్చిమ సిడ్నీలోని తన సొంత జూనియర్లతో నింపుకుంది. క్యాప్ డబ్బును సమానం చేస్తుంది గానీ, పిల్లలు ఎక్కువగా ఆడే ప్రాంతాన్ని సమానం చేయలేదు.

## ఒకే టైటిల్ జట్టు, రెండు దారులు

2004లో బుల్‌డాగ్స్‌కు ఆడిన సన్నీ బిల్ విలియమ్స్‌ను థర్‌స్టన్ పక్కన నిలబెట్టి చూస్తే పోలిక బాగా అర్థమవుతుంది. అప్పుడతనికి 19 ఏళ్లు, థర్‌స్టన్ కంటే పెద్ద పేరు. 2008లో ఒప్పందం మధ్యలోనే వదిలేసి ఫ్రాన్స్‌లోని టూలాన్ యూనియన్ క్లబ్బుకు వెళ్లిపోయాడు. అక్కడి క్లబ్బుల మీద అప్పట్లో ఇలాంటి జీతాల పరిమితి లేదు. తర్వాత న్యూజిలాండ్ ఆల్ బ్లాక్స్‌తో 2011, 2015 యూనియన్ ప్రపంచ కప్‌లు గెలిచాడు. మధ్యలో 2013లో లీగ్‌కు తిరిగి వచ్చి రూస్టర్స్‌తో టైటిల్ కొట్టాడు. బాక్సింగ్ కూడా చేశాడు. 2020లో టొరంటో వుల్ఫ్‌ప్యాక్‌లో చేరితే, కోవిడ్ దెబ్బకు ఆ జట్టు ఆ సీజన్ కూడా పూర్తి చేయలేదు.

థర్‌స్టన్ 14 సీజన్లు ఒకే ఊళ్లో ఉండిపోయాడు. పెద్ద నగరాల్లో ఆడే ఆటగాడికి స్పాన్సర్ల నుంచి వచ్చే అదనపు ఆదాయం టౌన్స్‌విల్‌లో అంత తేలిక కాదు. అలాంటి చోట ఒక్క ఆటగాడు నిలబడిపోవడం వల్ల ఒక క్లబ్బు గుర్తింపే మారింది. రెండు దారుల్లో ఏది మేలని తేల్చే కొలబద్ద లేదు. విలియమ్స్ శరీరానికి మార్కెట్ ధర రెండు ఆటల్లోనూ ఉంది. పొడవు, బలం, టాకిల్‌లో పడుతూ కూడా బంతి అందించే నేర్పు యూనియన్‌లోనూ పనికొస్తాయి. ఆరు టాకిళ్ల లెక్క చుట్టూ పెరిగిన హాఫ్‌బ్యాక్ తెలివి యూనియన్‌లో అంత నేరుగా పనికిరాదు. లీగ్ నుంచి యూనియన్‌కు మారి వెలిగినవాళ్లలో మైదానం అంచుల్లో పరుగెత్తే వింగర్లు, వాళ్ల పక్కనే ఆడే బలమైన సెంటర్లు ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. 2024లో రూస్టర్స్ నుంచి ఆస్ట్రేలియా యూనియన్ జట్టుకు వెళ్లిన జోసెఫ్ సువాలి కూడా ఆ కోవకే చెందుతాడు.

## స్టేట్ ఆఫ్ ఆరిజిన్: పుట్టిన గడ్డ లెక్క

ప్రపంచ కప్ కంటే ఆస్ట్రేలియన్లు ఎక్కువ ఆత్రంగా చూసేది క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ మధ్య ఏటా జరిగే మూడు మ్యాచ్‌లను. 1980కి ముందు ఆటగాడు ఏ రాష్ట్రంలోని క్లబ్బుకు ఆడుతుంటే ఆ రాష్ట్ర జట్టులో ఆడేవాడు. డబ్బున్న క్లబ్బులన్నీ సిడ్నీవే కాబట్టి క్వీన్స్‌లాండ్ కుర్రాళ్లు వలస వెళ్లి, సొంత రాష్ట్రాన్నే ఓడించేవాళ్లు. 1980 జులై 8న బ్రిస్బేన్‌లోని లాంగ్ పార్క్‌లో మొదటిసారి మూల రాష్ట్రం లెక్కన జట్లను ఎంచారు. రోమా అనే చిన్న ఊళ్లో పుట్టి, సిడ్నీలో కెరీర్ గడిపిన ఆర్థర్ బీట్సన్ 35 ఏళ్ల వయసులో క్వీన్స్‌లాండ్ కెప్టెన్‌గా దిగాడు. క్వీన్స్‌లాండ్ గెలిచింది.

జీతాల పరిమితి వల్ల క్లబ్బుల్లో చెదిరిపోయే ప్రతిభ ఇక్కడ మళ్లీ ఒకచోటికి చేరుతుంది. స్టార్మ్‌కు ఆడే కామరన్ స్మిత్, బిల్లీ స్లేటర్, కూపర్ క్రాంక్, కౌబాయ్స్ థర్‌స్టన్, బ్రాంకోస్ లాక్యర్ ఒకే జెర్సీలో కనిపించారు. 2006 నుంచి 2013 దాకా క్వీన్స్‌లాండ్ వరుసగా ఎనిమిది సిరీస్‌లు గెలిచింది. థర్‌స్టన్ 2005 నుంచి 2016 దాకా ఒక్కటీ తప్పకుండా 36 మ్యాచ్‌లు ఆడాడు. 2015లో 52-6తో గెలిచిన మ్యాచ్‌లో గోల్‌కు తన్నిన తొమ్మిది కిక్‌లకు తొమ్మిదీ కొట్టాడు.

ఈ మ్యాచ్‌లు సీజన్ ముగిశాక జరగవు, నడి సీజన్‌లో జరుగుతాయి. మంచి ఆటగాళ్లున్న క్లబ్బు సరిగ్గా ఆ వారాల్లో బలహీనపడుతుంది. ఆటగాడు బుధవారం రాత్రి ప్రాణం పెట్టి ఆడి, వారాంతానికి క్లబ్బు మ్యాచ్‌కు తయారవ్వాలి. థర్‌స్టన్ మొత్తం 323 క్లబ్ మ్యాచ్‌లు, 37 ఆరిజిన్ మ్యాచ్‌లు, ఆస్ట్రేలియా తరఫున 38 టెస్టులు ఆడాడు. ప్రధాన స్థాయిలోనే 398 మ్యాచ్‌లు. ఈ ఆటలో శరీరం తట్టుకోవడమే ఒక ప్రతిభ అని ఆ అంకె చూస్తే ఒప్పుకోవాలి.

## 2015 ఎత్తు, 2017 లోతు

2015 అక్టోబరు 4న గ్రాండ్ ఫైనల్‌లో రెండూ క్వీన్స్‌లాండ్ జట్లే, కౌబాయ్స్, బ్రిస్బేన్ బ్రాంకోస్. చివరి క్షణాల దాకా బ్రాంకోస్ 16-12 ఆధిక్యంలో ఉంది. సమయం ముగిసే వేళ మైకేల్ మోర్గాన్ అందించిన బంతితో కైల్ ఫెల్ట్ మూలలో ట్రై చేశాడు. స్కోరు సమమైంది. పక్క గీత దగ్గర నుంచి థర్‌స్టన్ తన్నిన కన్వర్షన్ స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది. అదనపు సమయంలో ముందు పాయింట్ చేసినవాళ్లదే విజయం, దాన్నే గోల్డెన్ పాయింట్ అంటారు. మొదటి కిక్‌ను బ్రాంకోస్ ఆటగాడు బెన్ హంట్ జారవిడిచాడు. కొద్దిసేపట్లో థర్‌స్టన్ ఫీల్డ్ గోల్ కొట్టాడు. 17-16. కౌబాయ్స్‌కు 20 ఏళ్ల చరిత్రలో తొలి టైటిల్. ఆ ఏడాదే అతనికి నాలుగో డాలీ ఎం పతకం వచ్చింది. అప్పటికి ఇంకెవరికీ నాలుగు లేవు.

అప్పటికి అతనికి 32. రెండేళ్లలో భుజం దెబ్బతింది. 2017 మేలో న్యూజిలాండ్‌తో టెస్టులో గాయపడి తొలి ఆరిజిన్ మ్యాచ్‌కు దూరమయ్యాడు. రెండోదానికి దిగాడు. సిడ్నీలో, 16-16 దగ్గర, ఎత్తలేని భుజంతోనే పక్క గీత దగ్గర నుంచి కన్వర్షన్ కొట్టి 18-16తో గెలిపించాడు. ఆ సీజన్‌లో అదే అతని చివరి మ్యాచ్. సర్జరీ తప్పలేదు.

ఆ తర్వాత జరిగింది ఒక్క ఆటగాడి చుట్టూ కథలు అల్లుకునే అలవాటును పరీక్షిస్తుంది. అతను లేని కౌబాయ్స్ 2017లో ఎనిమిదో స్థానంతో ఫైనల్స్‌లోకి చొరబడి, గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లింది. స్టార్మ్ చేతిలో 34-6తో ఓడింది. 2018లో థర్‌స్టన్ తిరిగొచ్చాడు. జట్టు మాత్రం ఫైనల్స్ దరిదాపులకు కూడా రాలేదు. సెప్టెంబరు 1న గోల్డ్ కోస్ట్ మీద గెలిచి అతను సెలవు తీసుకున్నాడు. 13 మంది ఆటలో గొప్ప ఆటగాడు జట్టు స్థాయిని పెంచగలడు గానీ, టైటిల్ ఏళ్లను తాను నిర్ణయించలేడు.

## మెదడు మీద పడే భారం

థర్‌స్టన్ మెత్తని హెడ్‌గేర్ పెట్టుకుని ఆడేవాడు. మ్యాచ్ అయ్యాక దాన్ని స్టాండ్‌లోని ఒక చిన్నారికి ఇచ్చేవాడు. ఆ టోపీ చెవులకు, తలపై చర్మానికి గీతలు పడకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు కదలడాన్ని అది ఆపలేదు, కంకషన్‌ను, అంటే తల దెబ్బతో మెదడు పనితీరు తాత్కాలికంగా చెదరడాన్ని, ఆపుతుందన్న ఆధారాలూ లేవు.

థర్‌స్టన్ గెలిచిన రెండు టైటిళ్లకు కోచ్‌లు ఇద్దరు, ఇద్దరూ మాజీ ఆటగాళ్లే. 2004 బుల్‌డాగ్స్ కోచ్ స్టీవ్ ఫోక్స్ 2018లో 59 ఏళ్లకు మరణించారు. 2015 కౌబాయ్స్ కోచ్ పాల్ గ్రీన్ 2022లో 49 ఏళ్లకే మరణించారు. మరణం తర్వాత చేసిన పరీక్షల్లో ఇద్దరి మెదడులోనూ సీటీఈ ఉన్నట్టు తేలింది. తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన, క్రమంగా ముదిరే మెదడు వ్యాధి ఇది. బతికి ఉండగా కచ్చితంగా నిర్ధారించే పరీక్ష ఇంకా రాలేదు. దీనికి స్పృహ తప్పించే పెద్ద దెబ్బలే కారణం కానక్కర్లేదు. ఏళ్ల తరబడి పేరుకునే చిన్న కుదుపులు కూడా లెక్కలోకి వస్తాయన్నదే పరిశోధకుల ప్రధాన ఆందోళన. అంటే ప్రాక్టీసులో, జూనియర్ స్థాయిలో తగిలినవి కూడా. ఒకే ఆటగాడి విజయాల ఫొటోల్లో నిలబడిన ఇద్దరు కోచ్‌లకూ ఇదే జరగడాన్ని ఈ ఆటను ప్రేమించేవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు.

నియమాలు మారుతున్నాయి. తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి మైదానం నుంచి తప్పించి పరీక్షిస్తారు. టీవీ చిత్రాలను చూసే స్వతంత్ర డాక్టర్‌కు బయటికి పిలిచే అధికారం ఉంది. కంకషన్ నిర్ధారణ అయితే కనీసం 11 రోజులు ఆడకూడదన్న నిబంధన 2023లో వచ్చింది. దీని ఫలితంగా వచ్చే వారం మ్యాచ్ దాదాపు ఖాయంగా పోతుంది. అయితే ఇవన్నీ గుర్తించిన దెబ్బలకే వర్తిస్తాయి. పేరుకునే కుదుపులను తగ్గించాలంటే ప్రాక్టీసులో గుద్దుకోవడాన్ని, సీజన్‌లో మ్యాచ్‌ల సంఖ్యను తగ్గించాలి. టీవీ హక్కుల ఆదాయం మ్యాచ్‌ల సంఖ్య మీదే ఆధారపడి ఉంది కాబట్టి రెండోది కష్టం.

## ఆట మానేశాక, రాబోయే మార్పులు

థర్‌స్టన్‌కు రిటైర్మెంట్ తర్వాత టీవీ వ్యాఖ్యానం, ఆదివాసీ యువత చదువు, ఉద్యోగాల కోసం పనిచేసే అకాడమీ, క్వీన్స్‌లాండ్ జట్టులో అసిస్టెంట్ కోచ్ బాధ్యత దక్కాయి. అతని పేరు అంత పెద్దది. ఇరవై ముప్పై మ్యాచ్‌లు ఆడి, మోకాలు పోగొట్టుకుని పాతికేళ్లకే బయటికొచ్చిన కుర్రాడికి ఇవేవీ ఉండవు. 2023లో ఒప్పందం చర్చలు సాగినప్పుడు ఎన్‌ఆర్‌ఎల్ ఆటగాళ్లు జెర్సీల మీది లీగ్ లోగోను టేపుతో కప్పి ఆడారు, మీడియాతో మాట్లాడటం మానేశారు. వాళ్ల డిమాండ్లలో జీతాలతో పాటు, ఆట వదిలేసినవాళ్ల వైద్యానికి నిధి కూడా ఉంది.

ఇంగ్లండ్ సూపర్ లీగ్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. అక్కడి జీతాల పరిమితి 21 లక్షల పౌండ్లు, ఎన్‌ఆర్‌ఎల్‌లో దానికి రెండు రెట్లకు పైగా ఉంది. అందుకే ఇంగ్లండ్ కుర్రాళ్లు పైకొచ్చే వయసులో సిడ్నీకి వెళ్తారు, ఆస్ట్రేలియన్లు దిగిపోయే వయసులో ఇంగ్లండ్‌కు వస్తారు.

2027లో పెర్త్‌లో, 2028లో పాపువా న్యూ గినీలో కొత్త క్లబ్బులు ఎన్‌ఆర్‌ఎల్‌లోకి రానున్నాయి. లీగ్‌నే జాతీయ క్రీడగా భావించే పాపువా న్యూ గినీ జట్టు కోసం, ఆ దేశంలోనూ పసిఫిక్ దీవుల్లోనూ ఆట అభివృద్ధి కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం 10 ఏళ్లలో 60 కోట్ల డాలర్లు కేటాయించింది. రెండు క్లబ్బులంటే సుమారు 60 కొత్త ఒప్పందాలు. ఇప్పటివరకు రిజర్వ్‌లో మిగిలిపోయిన ఆటగాళ్లకు తలుపు తెరుచుకుంటుంది, మంచి హాఫ్‌ల ధర ఇంకా పెరుగుతుంది. ఆర్360 కూడా తన మొదటి సీజన్‌ను 2028కే వాయిదా వేసుకుంది. ఆటగాళ్లతో ప్రస్తుత ఉమ్మడి ఒప్పందం 2027తో ముగుస్తుంది. కొత్త క్లబ్బులు, బయటి పోటీ, కొత్త ఒప్పందం దాదాపు ఒకేసారి వస్తున్నాయి కాబట్టి ఆటగాళ్ల సంఘానికి 2023లో లేని బేరం శక్తి ఈసారి ఉంటుంది. ఆ బలాన్ని వాళ్లు ఎక్కువగా జీతాల కోసం వాడతారా, మ్యాచ్‌ల భారం తగ్గించడానికి, మాజీల వైద్యానికి వాడతారా అన్నది ఆ చర్చల్లో తేలుతుంది.